వరహాలమ్మ పద్ధతి

చిక్కాల వరహాలమ్మకి జిల్లా మొత్తం మీద మొదటి ర్యాంకు వచ్చిందన్న కబురు నడిమిపల్లం చేరేసరికి ఆవిడ పాకలో గేదె కింద పేడ తీస్తోంది. కబురు మోసుకొచ్చింది ఊరి వ్యవసాయ సహాయకురాలు మేరీరత్నం. పాతికేళ్ల పిల్ల. మంచి కబురు తెచ్చిన మొహంలా లేదు ఆ మొహం, పరీక్షలో చీటీతో దొరికిపోయిన మొహంలా ఉంది. ర్యాంకు దేనికొచ్చిందమ్మా అని వరహాలమ్మ చేతులు కడుక్కుంటూ అడిగింది. ఆవిడ చదువు ఐదో తరగతితో ఆగింది. ఆ ఐదేళ్లలోనూ ఆవిడ పేరు పక్కన ర్యాంకు అనే మాట ఎవరూ అన్న పాపాన పోలేదు.

అసలు సంగతి చెప్పాలంటే కాస్త ప్రపంచం దాకా వెళ్లి రావాలి.

ప్రపంచంలో ఆకలి ఎందుకుందో పెద్దలు ఏటేటా కనిపెడుతూనే ఉంటారు. ఒక ఏడు విత్తనంలో లోపం అన్నారు. ఇంకో ఏడు మట్టిలో అన్నారు. ప్రతి చేలోనూ మట్టి తవ్వి డబ్బాల్లో పట్టుకెళ్లారు, ఆ డబ్బాలు ఇంకా తిరిగి రాలేదు. ఆ పై ఏడు లోపం రైతు బుర్రలో ఉందని తేలింది. దాన్ని డబ్బాలో పట్టుకెళ్లే వీలు లేక ఊరూరా సదస్సులు పెట్టారు. ఈ ఏడు మాత్రం విత్తనానికీ, మట్టికీ, బుర్రకీ కూడా మాఫీ దొరికింది. పండటంలో ఇబ్బందేమీ లేదు, పండిన గింజ కోత నుంచి కంచం దాకా వచ్చే దారిలో ఎక్కడో జారిపోతోంది, ఆకలికి అదే కారణం అన్నారు. అని ఊరుకోకుండా దాని కోసం ఒక సంస్థ పెట్టారు. కోతానంతర నష్ట నిర్మూలన సంస్థ. దానికి జిల్లా కేంద్రంలో మూడంతస్తుల మేడ, నాలుగు జీపులు, గోడ మీద దోసిట్లో గింజలు పట్టుకున్న ఆడమనిషి బొమ్మ. ఆ బొమ్మలో కూడా రెండు గింజలు వేళ్ల సందుల్లోంచి జారుతున్నట్టు ఎవరో గమనించి పై అధికారులకు రాశారు. వాటి మీద సున్నం వేయించారు.

సంస్థ పని ఊరూరా లెక్క తీయడంతో మొదలైంది. కోసిందెంత, ఇంటికి చేరిందెంత, ఈ రెండూ మేరీరత్నం ట్యాబులో కొడితే తేడా ఎంతో అదే తేల్చుకుంటుంది. ఆ తేడా పేరు నష్టం. వరహాలమ్మ వంతు వచ్చిన రోజున కోత మిషను పక్క ఊళ్లో బురదలో దిగబడి ఉంది. చేను కోయలేదు. మేరీరత్నం కోసింది దగ్గర సున్నా కొట్టింది, ఇంటికి చేరింది దగ్గర ఇంకో సున్నా కొట్టింది, తర్వాత వచ్చి సరిచేద్దామనుకుంది. ట్యాబు అంతసేపు ఆగలేదు. నష్టం సున్నా అని తేల్చేసింది. జిల్లాలో మిగిలిన రైతులంతా కళ్లంలోనో, బస్తాలోనో, ఎడ్లబండిలోనో ఎంతో కొంత పోగొట్టుకున్నవాళ్లే. ఒక్క గింజ కూడా పోగొట్టుకోని మనిషి వరహాలమ్మ ఒక్కతే.

ఇది పొరపాటని మేరీరత్నం సంస్థకి ఫోను చేసి చెప్పింది. పొరపాట్లు మనుషులు చేస్తారు, ట్యాబు చేయదని వాళ్లు సమాధానమిచ్చారు. పైగా సంగతి అప్పటికే రాజధానికి వెళ్లిపోయిందట. రాజధాని దాకా వెళ్లిన పొరపాటును వెనక్కి తీసుకురావడానికి ఆ సంస్థలో జీపు లేదు.

మూడో రోజున సంస్థ సంయుక్త సంచాలకులు విశ్వంభరం గారు స్వయంగా వచ్చారు. ఎర్ర ఫైలు పట్టుకుని గట్టు మీద నిలబడ్డారు. ఎదురుగా ఎకరన్నర వరి చేను, కంకి బరువుకి వంగి, ఊరంతటికీ దణ్ణం పెడుతున్నట్టు ఉంది. ఆయన దాన్ని చూసి కళ్లు తుడుచుకున్నారు. తరవాత వరహాలమ్మని, ఈ ఘనత సాధించుటకు మీరు అవలంబించిన పద్ధతి ఏది అని అడిగారు.

పద్ధతేం లేదండి, కోత మిషను రాలేదండి అని ఆవిడ ఉన్నమాట చెప్పింది. ఆయన యంత్రరహితం అని రాసుకున్నారు. కూలోళ్లు కూడా దొరకలేదండి అంది. మానవ ప్రమేయం లేనిది అని రాసుకున్నారు. అందుకని మిషను కోసం చూత్తా కూర్చున్నామండి అంది. సహనమే ప్రధాన పెట్టుబడి అని రాసి, దాని కింద రెండు గీతలు గీశారు.

రేపో ఎల్లుండో మిషను వస్తుందని, కోతకి మీరు కూడా రావాలని వరహాలమ్మ మర్యాదగా పిలిచింది. ఆయన ఉలిక్కిపడి, గడ్డివాములో అగ్గిపుల్ల గీసినదాన్ని చూసినట్టు చూశారు.

"చూడమ్మా. ఈ క్షణమున నీ చేనులో కోతానంతర నష్టము సున్నా. కొడవలి పెట్టిన మరుక్షణము నష్టము ప్రారంభమగును. రాలునది కొంత, నూర్చునప్పుడు ఎగురునది కొంత, బస్తా చిరుగులో కొంత. ప్రపంచమున ఆకలితో అలమటించువారి నోటి ముందరి ముద్దను నీవు చేజేతులా జార్చెదవా?"

"కోయకపోతే మా నోటి ముందరకేం వత్తాదండి?"

ఆ ప్రశ్న పౌర సరఫరాల శాఖ పరిధిలోనిదని ఆయన సెలవిచ్చి, నెలాఖరుకి ప్రపంచ ఆకలి వేదిక ప్రతినిధులు ఈ చేను చూడవస్తున్నారని, అంతవరకు ఇందులో ఒక్క కంకి కూడా తెగరాదని ఉత్తర్వు ఇచ్చారు. ఆ సాయంత్రానికల్లా చేను చుట్టూ పసుపు తాడు, మూల మీద 'నష్టరహిత క్షేత్రము, కోయుట నిషిద్ధము' అని బోర్డు వెలిశాయి.

కాపలాకి ఒక మనిషి కావాలన్నారు. స్థానికుడై ఉండాలి, చేను గురించి తెలిసి ఉండాలి, పగలల్లా ఖాళీగా ఉండాలి. ఈ మూడు అర్హతలూ ఉన్న మనిషి ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. వరహాలమ్మ మొగుడు పుల్లేశ్వర్రావు. ఆయనకి ఖాకీ టోపీ, విజిలు, డ్యూటీ పుస్తకం ఇచ్చారు. పుల్లేశ్వర్రావు చెడ్డవాడు కాదు గానీ, యాభై రెండేళ్ల జీవితంలో ఆయన మాట ఎవరూ వినలేదు. విజిలుకి మాత్రం కొంగలు లేచిపోయాయి. దాంతో మనిషి మారిపోయాడు.

మర్నాడు పొద్దున్న కంకి ముదురు చూద్దామని వరహాలమ్మ తాడు ఎత్తి లోపలికి అడుగు పెట్టబోతే, ఆయన విజిలు ఊదాడు.

"ఏమేవ్. హద్దు దాటకు."

"ఎవరి చేనుకెవరు హద్దయ్యా?"

"చేను మనదే. డ్యూటీ గవర్నమెంటుది," అన్నాడు ఆయన, టోపీ సర్దుకుంటూ.

ఆవిడ వెనక్కి తిరిగి ఇంటికెళ్లింది. ఆ మధ్యాహ్నం ఆయన క్యారేజీలో అన్నం బదులు నాలుగు పచ్చి కంకులు పెట్టి పంపింది. అవి ఏ చేలో కోసినవో డ్యూటీ పుస్తకంలో ఎక్కించాల్సి వస్తుందేమోనని ఆయన సాయంత్రం దాకా వణికాడు. పక్కవాళ్ల చేలోవని తెలిశాక స్థిమితపడ్డాడు గానీ, ఆకలి తీరలేదు.

నష్టం ఒక చేనుతో ఆగే సంగతి కాదు గనక, వారం తిరక్కుండా మండలంలో రైతులందరికీ శిక్షణ పెట్టారు. శిక్షణ పేరు 'కోయకుండుట ఎట్లు'. పద్ధతికి తన పేరే పెట్టారు కాబట్టి వరహాలమ్మని వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు. ఉక్కపోతలో ఆ శాలువాతో ఆవిడ చెమటలు కక్కుతుంటే, విశ్వంభరం గారు తెర మీద బొమ్మలు వేసి ప్రపంచ ఆకలికి కారణాలు ఒక్కొక్కటే విప్పారు. కోత దశలో నష్టం ఇంత. నూర్పిడి దశలో ఇంత. ఎండబెట్టే దశలో ఇంత, అక్కడ కోళ్లది ప్రత్యేక వాటా. మిల్లు దశలో ఇంత, వండే దశలో గంజితో పోయేది ఇంత. ఇవన్నీ చిన్నవి. అసలు నష్టం ఆఖరి మెట్టు మీద ఉందని, దాన్ని ఇన్నాళ్లూ ఏ దేశమూ లెక్కలోకి తీసుకోలేదని చెప్పి ఆయన గొంతు తగ్గించారు.

"భోజన దశ. మిగిలిన అన్ని దశలలో ఎంతో కొంత ధాన్యము మిగులుచున్నది. భోజన దశలోనికి ప్రవేశించిన ధాన్యము మాత్రము ఒక్క గింజ కూడా తిరిగి వచ్చుట లేదు. నష్టము నూటికి నూరు శాతము."

వెనక వరసలో ఒక ముసలాయన, మరి తినడం మానేస్తే ప్రపంచంలో ఆకలి పోద్దాండి అని అడిగాడు. తినడం పూర్తిగా మానమని సంస్థ కోరడం లేదని, ప్రస్తుతానికి స్వచ్ఛందంగా తగ్గించుకుంటే చాలని విశ్వంభరం గారు ఊరడించారు. ఆ తర్వాత భోజనాలు పెట్టారు. అధికారుల వరసలో భోజన దశ బాగా సాగింది.

అక్కణ్ణించి మండలంలోకి కోత మిషన్లు రానివ్వడం మానేశారు. పొలిమేర దగ్గర కర్ర అడ్డంపెట్టి వెనక్కి తిప్పుతున్నారు.

ఇవన్నీ వరహాలమ్మ నవ్వుకుని వదిలేసేదే. కానీ చేను వదిలేసే స్థితిలో లేదు. కార్తీకం సగం దాటింది. గింజ ముదిరి, గాలి వేస్తే చాలు రాలుతోంది. పొద్దున్నే చిలకలు, పగలు పిచికలు, గట్ల నిండా ఎలక బొరియలు. ఏడాది పొడుగునా ఇంట్లో ఉడికే బియ్యం ఆ ఎకరన్నరలోంచే రావాలి, వచ్చే పంటకి విత్తనమూ అందులోంచే. పైగా సముద్రంలో వాయుగుండం కట్టిందని రేడియో చెప్పింది. వారంలో వాన. ఒక్క వాన పడితే చేను నేలకి కరుచుకుపోయి, వెన్నులోనే మొలకలెత్తుతుంది. పోయినేడు పక్క ఊళ్లో అలా మొలిచిన చేలని ఆవిడ కళ్లారా చూసింది. దూరానికి పచ్చగా, ముచ్చటగా ఉంటాయి. తినడానికే పనికిరావు.

ఆవిడ మేరీరత్నాన్ని తోడు తీసుకుని జిల్లా ఆఫీసుకి బయల్దేరింది. అర్జీ తీసుకెళ్లింది గానీ ఇవ్వలేదు. ఆఫీసు వరండాలో గోడకి అంటించిన పంట నష్టాల ఫారం ఒకటి ఉంటే, మేరీరత్నం చేత దాన్ని పైనుంచి కిందికి రెండుసార్లు చదివించుకుని, ఆ తర్వాత లోపలికి వెళ్లింది. విశ్వంభరం గారు ప్రతినిధులకు వేయబోయే దండల రంగు తేల్చే పనిలో ఉన్నారు.

చేలో చిలకలూ ఎలకలూ పడి తింటన్నాయండి, అది నట్టం కాదాండి అని ఆవిడ అడిగింది. అది కోతకు పూర్వ నష్టమని, దానికి వేరే శాఖ ఉందని, తమ సంస్థ పని కోత తర్వాతే మొదలవుతుందని ఆయన చెప్పారు.

"మొత్తం తినేసినా అంతేనాండి?"

"మొత్తము తినివేసినను మా నష్టము సున్నాయే. నిజము చెప్పవలెనన్న అదియే మిక్కిలి భద్రమైన సున్నా. ఇక పోవుటకేమియు మిగలదు గదా."

"మరి ఎలకలు కొరికిందీ మనుషులు కోసిందీ ఎలా తెలుత్తాదండి? రెండూ తెగినట్టే ఉంటాది గదండి."

ఆయన జాలిగా నవ్వారు. కోత అంటే ఏమిటో నియమావళిలో స్పష్టంగా ఉందన్నారు. సంస్థ సిబ్బంది ట్యాబులో కోత అని నమోదు చేసినదే కోత. నమోదు కానిది కోత కాదు. కోత కాకుండా చేలోంచి పంట పోయిందంటే అది చీడపీడలు, పక్షులు, ఎలుకలు అనే మూడు గడుల్లో ఏదో ఒకదాంట్లో పడాలి, నాలుగో గడి లేదు.

వరహాలమ్మ ఆయనకి రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టింది. బస్సులో మేరీరత్నం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఊరు దగ్గర పడుతుండగా, ఎటో చూస్తూనే అంది.

"పిన్నిగారూ, మన ఊళ్లో ఎలకలు బాగా పెరిగినట్టున్నాయి కదండీ."

"పెరిగాయమ్మా. ఎల్లుండి పొద్దున్న ఏడింటికి దిగుతాయి."

చెప్పిన టైముకే దిగాయి. ఎనిమిది మంది ఆడవాళ్లు కొడవళ్లతో వరస కట్టి, పసుపు తాడు చుట్టి పక్కన పెట్టి, చేలోకి అడుగు పెట్టారు. పుల్లేశ్వర్రావు విజిలు నోట్లో పెట్టుకుని లేచాడు. వరహాలమ్మ ఆయన దగ్గరికొచ్చి, నీ డ్యూటీ నువ్వు చెయ్యి, పుస్తకంలో ఉన్నదున్నట్టు రాయి, ఎలకలు పడ్డాయి అని రాయి అంది. ఆయన చేలోకి చూశాడు. పడమటి మూల మబ్బు కేసి చూశాడు. ఖాళీగా ఉన్న క్యారేజీ కేసి చూశాడు.

"ఎన్నెలకలని రాయమంటావే?"

"కోతకి ఎనిమిది. మోతకి మూడు. ఆ మూడింట్లో నువ్వొకడివి, లే."

పుల్లేశ్వర్రావు పుస్తకంలో 'ఉదయం ఏడు గంటలకు ఎలుకలు వచ్చినవి, విజిల్ ఊదితిని, వినలేదు' అని రాసి, టోపీ తీసి గట్టు మీద పెట్టి, తలపాగా చుట్టాడు. మేరీరత్నం పది గంటలకి వచ్చింది. కాసేపు గట్టు మీద నిలబడి, ఎలుకలు అనే గడి నొక్కింది. ట్యాబు ఫొటో అడిగింది. మనుషులెవరూ పడకుండా దుబ్బుల ఫొటో తీసి పెట్టింది. ట్యాబు తృప్తిపడి, ఈ క్షేత్రంలో కోతానంతర నష్టం సున్నా అని మళ్లీ చూపించింది. మూడు రోజుల్లో కోత, కట్టలు కట్టడం, నూర్పిడి అయిపోయి, బస్తాలు వరహాలమ్మ ఇంటి వసారాలో గోడ వారగా ఎక్కాయి. ఆ వారంలోనే మండలంలో తక్కిన ఊళ్లలో కూడా ఎలకలు పడ్డట్టు కబుర్లొచ్చాయి. ఒక ఊరి ఎలకలైతే పొలిమేర కర్ర పక్కకి తీసి, కోత మిషను కూడా తెచ్చుకున్నాయట.

విశ్వంభరం గారు నివేదిక చూసి మొదట గుండె పట్టుకున్నారు. తర్వాత అడుగున ఉన్న సున్నా చూసి కుదుటపడ్డారు. మండలమంతా ఒకటే సున్నా, ఎక్కడా వంక లేదు. ఇక ఏ గాలికీ, ఏ చేతికీ చెడని సున్నా అని ప్రపంచ వేదికకి ఉత్తరం రాసి, ఎలుకల వ్యవహారం మాత్రం సంబంధిత శాఖకి బదిలీ చేశారు.

ఆ శాఖ నుంచి తారకేశం గారనే ఎలుకల నివారణాధికారి, ఎలకలు దిగిన అయిదో రోజున వచ్చారు. సన్నటి మనిషి, చేతిలో మందు పొట్లాల సంచి. చేను చూసేసరికే వాన మొదలైంది. వాయుగుండం రేడియో చెప్పిన రోజుకి ఒక రోజు ముందే వచ్చేసింది. ఆయన తడుస్తూ వచ్చి వరహాలమ్మ వసారాలో నిలబడ్డారు. కుర్చీ లేకపోతే ధాన్యం బస్తా చూపించింది. ఆయన దాని మీద కూర్చుని, వీపు రెండో బస్తాకి ఆనించి, కాగితాలు తీశారు.

ఇరవై ఏళ్ల సర్వీసులో ఇలాంటి ఎలుకలను చూడలేదని ఆయన ఒప్పుకున్నారు. చేనంతా నాలుగు వేళ్ల ఎత్తున సమానంగా కొరికాయట. గడ్డి మాత్రం ముట్టుకోకుండా కట్టలు కట్టి వామి వేశాయట. పోతూ పోతూ గట్టు మీద చెత్త కూడా ఊడ్చిపోయాయట. ఆ ఊడ్చినవైతే మా తోడికోడలు లాంటివయ్యుంటాయండి, ఆవిడకి చెత్త చూత్తే నిద్ర పట్టదు అని వరహాలమ్మ అంది. దానికి ఫారంలో గడి లేదు కాబట్టి ఆయన రాసుకోలేదు.

సంఖ్య ఎంత అన్నారు. పదకొండండి అంది. ఆడవి ఎన్ని అంటే ఎనిమిది అంది. విషం పెడితే తింటాయా అని అడిగారు. ఏళ్ల తరబడి ఎన్ని రకాలు పెట్టినా తట్టుకున్నాయండి, గట్టివి అంది. బయట వాన హోరు పెరిగింది. పుల్లేశ్వర్రావు లేచి, బస్తాల మీదికి జల్లు కొట్టకుండా చాప దించి కట్టాడు. తారకేశం గారు వద్దంటున్నా వినకుండా ఆయన వెనకున్న బస్తా మీద కూడా గోనె కప్పాడు.

"ఆఖరి ప్రశ్న అమ్మా. ఇవి మళ్లీ వచ్చే సూచనలున్నవా?"

వరహాలమ్మ ఆలోచించింది. "రెండో పంట దాళ్వాకి కాలవ నీళ్లొదిలితే వత్తాయండి. పోయినేడు ఒదల్లేదు, చేలన్నీ బీటలేసినియ్యి, అవీ రాలేదు."

ఆయన మొహం విచ్చుకుంది. ఇంతకాలానికి ఒక నివారణోపాయం దొరికింది. సిఫార్సులు అన్నచోట ముత్యాల్లాంటి అక్షరాలతో రాయడం మొదలుపెట్టారు. పైకి చదువుకుంటూ రాసే అలవాటు ఆయనది. "ఎలుకల నిర్మూలనార్థము ఈ ప్రాంతమునకు కాలువ నీటిని శాశ్వతముగా నిలుపుదల చేయవలెను."

గోనె సర్దుతున్న పుల్లేశ్వర్రావు చెయ్యి అలాగే ఆగిపోయింది. వరహాలమ్మ మాత్రం కంగారు పడలేదు. లోపలికెళ్లి వేడిగా టీ తెచ్చి ఆయన చేతికిచ్చి, ఎదురుగా గుమ్మం మీద కూర్చుంది.

"ఒక మాట చెప్పడం మర్చిపోయానండి. నీళ్లు లేని ఏడు అవి రాలేదన్నాను గదండి. చచ్చిపోయి కాదండి. పిల్లల్ని చంకనేసుకుని, మూటాముల్లె కట్టుకుని బస్సెక్కేత్తాయండి."

"ఎచటికి?"

"టౌనుకండి. మీ ఆఫీసులుండే వైపే. కొత్త మేడలు కడతన్నారు గదండి, ఆటి కిందే ఉంటాయి. పోయినేడు మా వీధి వీధంతా అక్కడే ఉంది."

తారకేశం గారు టీ గ్లాసు కింద పెట్టారు. రాసిన వాక్యాన్ని మళ్లీ ఒకసారి చదువుకున్నారు. తర్వాత కలం తీసి, దాన్ని అడ్డంగా ఒకటికి రెండుసార్లు కొట్టేసి, దాని కింద, ఈసారి పైకి చదవకుండా రాశారు. వరహాలమ్మ ఐదో తరగతి చదువు ఆ తలకిందుల అక్షరాలని గుమ్మం మీంచే కూడబలుక్కుంది.

'కాలువకు సకాలమున నీరు వదలవలెను. అత్యవసరము.'